తడబడుతూ చదివే అబ్బాయి, స్పీడ్ రీడింగ్ కోర్సు

ప్రశ్న: మా అబ్బాయి బెంగళూరులో నాలుగో తరగతి చదువుతున్నాడు. ఇంగ్లీషు పాఠం కూడబలుక్కుంటూ చదువుతాడు, తప్పు దిద్దిన ప్రతిసారీ ముఖం ముడుచుకుంటాడు. మా అపార్ట్‌మెంటులో అతని ఈడు పిల్లలు లావుపాటి నవలలు చదివేస్తున్నారు. అక్షరాల ధ్వనులను కలుపుకుని పదాలు చదవడం నేర్పే ఫోనిక్స్ కోర్సులో చేర్చాలా, వేగంగా చదవడం నేర్పే స్పీడ్ రీడింగ్‌లోనా? ఇప్పుడే వెనకబడితే లా ప్రవేశపరీక్ష క్లాట్, వైద్య ప్రవేశపరీక్ష నీట్ సంగతేమిటని భయంగా ఉంది.
– ఒక తల్లి, మారతహళ్లి

జవాబు: అమ్మా, తొమ్మిదేళ్లకు కూడబలుక్కుని చదివినంత మాత్రాన ఏ పరీక్షకూ దారి మూసుకుపోదు. క్లాట్ 2020 నుంచి సుమారు 450 పదాల గద్యభాగాలిచ్చి వాటిపైనే ప్రశ్నలడుగుతోంది. అయితే అందుకు కావలసిన ఓపిక, పదసంపద కొన్నేళ్ల చదువుతో ఏర్పడేవి, మీ అబ్బాయికి ఆ వ్యవధి నిండుగా ఉంది.

ఫోనిక్స్ అవసరమో కాదో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. అర్థంలేని చిన్న ఇంగ్లీషు పదాలు నాలుగైదు కల్పించి రాసివ్వండి. వాటిని సరిగా పలికితే అక్షరాలకూ ధ్వనులకూ ఉన్న సంబంధం అతనికి తెలిసినట్లే కనుక, కొరత సాధనలోనే ఉండవచ్చు. పలకలేకపోతే కొన్ని నెలల ఫోనిక్స్ మేలు చేస్తుంది.

స్పీడ్ రీడింగ్ విషయంలో మాత్రం నాకు గట్టి సందేహాలున్నాయి. చదువు వేగం కళ్ల కదలికకన్నా భాషా పరిజ్ఞానం మీదే ఎక్కువగా ఆధారపడుతుందనీ, వేగాన్ని బాగా పెంచితే గ్రహింపు తగ్గుతుందనీ 2016లో వెలువడిన ఒక విస్తృత పరిశోధనా సమీక్ష తేల్చింది. పెద్దలకే ఇంత పరిమితి ఉన్నప్పుడు, పదం పదం దగ్గర ఆగే పిల్లవాడి చేతికి స్టాప్‌వాచ్ ఇవ్వడం దేనికి? నిమిషానికి ఇన్ని పదాలన్న లెక్క పిల్లవాడికి ఉపయోగపడేదానికన్నా తల్లిదండ్రులకు చూపించడానికే ఎక్కువగా పనికివస్తుందని నా అభిప్రాయం.

కటువుగా చెబుతున్నందుకు ఏమీ అనుకోకండి, మీ అబ్బాయి ముఖం ముడుచుకోవడానికి పుస్తకం కన్నా మీ దిద్దుబాటే కారణం కావచ్చు. వాక్యం పూర్తయ్యేదాకా ఆగండి, తనంతట తాను సవరించుకునే అవకాశమివ్వండి, పక్క ఫ్లాటు పిల్లల ప్రస్తావన పూర్తిగా మానేయండి. ఒక పేజీ మీరు చదివి వినిపించి, అదే పేజీని అతనిచేత రెండు మూడుసార్లు చదివించండి. పెద్దల తోడుతో ఇలా పైకి చదివించడం ధారాళతను పెంచుతుందని 2000లో అమెరికా జాతీయ పఠన మండలి నివేదిక కూడా పేర్కొంది.

తెలుగును పక్కన పెట్టవద్దు. ఇంట్లో విని పెరిగిన భాష కావడంతో అర్థం త్వరగా అందుతుంది. బడిలో కన్నడం నేర్చుకుంటూ ఉంటే లిపి పోలికల వలన తెలుగు అక్షరాలు సులువుగానే వస్తాయి. బెంగళూరులోని ప్రచురణ సంస్థ ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు, ఇంగ్లీషు కథలు స్థాయిలవారీగా ఉచితంగా దొరుకుతాయి. నాలుగో తరగతి కదా అని పై స్థాయి తెరవకండి, అతడు తడబడకుండా చదవగలిగే స్థాయి నుంచే మొదలుపెట్టండి.

ముందుగా ఒకసారి కంటి పరీక్ష చేయించండి. ఆరు నెలలు ఇలా చదివించినా మార్పు కనబడకపోతే నిపుణులచేత అభ్యసన వైకల్య (లెర్నింగ్ డిజెబిలిటీ) పరీక్ష చేయించడానికి సంకోచించవద్దు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఈ వైకల్యాన్ని గుర్తించింది, నిర్ధారణ పత్రం ఉన్నవారికి సీబీఎస్ఈ బోర్డు పరీక్షలలో అదనపు సమయం కూడా ఇస్తోంది.