పట్టా భూమిలో ఎర్రచందనం: అడ్వాన్స్ తీసుకున్నాం, ఇప్పుడు ఏం చెయ్యాలి?

ప్రశ్న: మేడం, మాది తిరుపతి జిల్లా యర్రావారిపాలెం దగ్గర పల్లె. మా నాయన 1998లో మా పట్టా భూమి గట్ల మీద ఎర్రచందనం మొక్కలు నాటినాడు, ఇప్పుడు మానులైనాయి. పక్కనే ప్రభుత్వం ఇచ్చిన ఎకరా డీకేటీ భూమి ఉంది, దాంట్లో కూడా కొన్ని ఉండాయి. నాయన పోయి నాలుగేళ్ళయింది, పాస్‌బుక్ ఇంకా ఆయన పేరు మీదే. మొన్న ఒక వ్యాపారి వచ్చి పర్మిట్ సంగతి నేను చూసుకుంటా, ఐదేళ్ళలో ఎప్పుడైనా కొట్టుకుంటా అని 2 లక్షలు అడ్వాన్స్ ఇచ్చి వంద రూపాయల స్టాంప్ పేపర్ మీద నాతో, తమ్ముడితో సంతకం పెట్టించుకున్నాడు. పాస్‌బుక్ జిరాక్స్, రెండు తెల్లకాగితాల మీద సంతకాలు కూడా తీసుకున్నాడు. ఊర్లో అందరూ జైలుకి పోతావు అంటాండారు. తోటలో కాపు తగ్గిన మామిడి చెట్లు కూడా కొట్టేద్దామని ఉంది. మా అక్క పెళ్లై తిరుత్తణిలో ఉంది, తనకి ఈ సంగతి చెప్పలేదు.

జవాబు: ముందు ధైర్యంగా ఉండండి. మీ సొంత పట్టా భూమిలో ఎర్రచందనం పెంచుకోవడం నేరం కాదు. పర్మిషన్ తీసుకుని కొట్టి అమ్ముకోవడమూ నేరం కాదు. నన్ను భయపెట్టేది ఆ రెండు తెల్లకాగితాలు, మీ పాస్‌బుక్ జిరాక్స్.

ఎందుకో చెప్తాను. ఎర్రచందనం సహజంగా పెరిగేది మన శేషాచలం, వెలిగొండ, పాలకొండ, లంకమల చుట్టుపక్కల అడవుల్లోనే, అందుకే మన రాష్ట్రంలో దీనికి 1969 నుంచే విడిగా రవాణా రూల్స్ ఉన్నాయి, 1967 అటవీ చట్టాన్ని 2016లో సవరించి ఎర్రచందనం కేసులకి శిక్షలు బాగా పెంచారు, తిరుపతిలో టాస్క్‌ఫోర్స్ ఉంది, 2022లో ఈ కేసుల కోసమే ప్రత్యేక కోర్టులు కూడా పెట్టారు. ఇంత నిఘా ఉన్నప్పుడు కొండలో దొంగతనంగా నరికిన దుంగని దాటించాలంటే ఒక కాగితం కావాలి. ఆ కాగితం మీలాంటి రైతు పేరు మీద వచ్చే పర్మిట్. మీ చెట్లు పది ఉంటే పది చెట్ల కలపకి పర్మిట్ వస్తుంది, వాటితో పాటు కొండ దుంగలు కూడా అదే లారీలో పోతే, దారిలో పట్టుకున్నప్పుడు కాగితం మీద కనపడేది మీ పేరు, మీ సర్వే నంబరు. దుంగలే కాదు, అటవీ చట్టం సెక్షన్ 44 కింద బండిని కూడా సీజ్ చేసి జప్తు చేస్తారు, ఆ బండి మీ బంధువుదైతే ఆయన కూడా ఇరుక్కుంటాడు. ఆ వ్యాపారి అలాంటివాడని నేను అనడం లేదు, కానీ నిజాయితీగా కొనేవాడికి మీ ఖాళీ సంతకాలతో పనేముంది చెప్పండి?

ఇక ఆ స్టాంప్ పేపర్ సంగతి. ఇది చాలామందికి తెలియదు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 3 ప్రకారం స్థిరాస్తిలోకి స్టాండింగ్ టింబర్ రాదు, అంటే త్వరలో కొట్టేయడానికి అమ్మిన చెట్టు చరాస్తి కిందకి వస్తుంది. కానీ కొన్నవాడు చెట్టుని ఏళ్ళ తరబడి భూమిలోనే ఉంచి పెంచుకుని, చేవ పట్టాక కొట్టుకుంటానంటే అది స్టాండింగ్ టింబర్ కాదు, మీ భూమి సారం తింటూ పెరుగుతోంది కాబట్టి స్థిరాస్తి అవుతుంది, అలాంటి ఒప్పందం రిజిస్టర్ చేయించాలి. 1958లో శాంతాబాయి కేసులో సుప్రీంకోర్టు ముందుకి ఇలాంటి కాగితమే వచ్చింది. భర్త తన జమీందారీ అడవిలో వెదురు, టేకు, వంటచెరకు కొట్టుకునే హక్కుని పన్నెండేళ్ళకి పైగా గడువుతో భార్యకి రాసిచ్చాడు, రిజిస్టర్ చెయ్యలేదు, ఆ కాగితం మీద ఆవిడకి హక్కు దక్కలేదు. మీ వ్యాపారి "ఐదేళ్ళలో ఎప్పుడైనా" అని రాయించుకున్నాడు కాబట్టి రిజిస్టర్ కాని వంద రూపాయల పేపర్ చూపించి ఈ చెట్లు నావి అని వాదించడం అతనికి కష్టం. పైగా డీకేటీ భూమిలో చెట్లు కూడా అందులో కలిపి రాసుంటే అక్కడికి ఇంకా బలహీనం.

డీకేటీ అంటే ప్రభుత్వం అసైన్ చేసిన భూమి, 1977 చట్టం ప్రకారం చేతులు మార్చకూడదు. 2023లో సవరణ తెచ్చి భూమి పొంది 20 ఏళ్ళు దాటిన అసైనీలకి, వాళ్ళ వారసులకి అమ్ముకునే హక్కు ఇచ్చారు, తర్వాత 2024లో ప్రభుత్వం మారాక అలా ఆంక్షలు తీసేసిన (ఫ్రీహోల్డ్) భూముల మీద విచారణ వేసి రిజిస్ట్రేషన్లు ఆపారు. ఈ గొడవలో మీరు చెయ్యాల్సింది ఒకటే, అసైన్‌మెంట్ పట్టా వెతికి దాని షరతులు చదవండి, చెట్ల మీద హక్కు ఎవరిదని తహసీల్దారు దగ్గర రాతపూర్వకంగా తేల్చుకోకుండా అక్కడ కొమ్మ కూడా కొట్టొద్దు. పట్టా చెట్లు, డీకేటీ చెట్లు ఎప్పుడూ ఒకే లెక్కలో కలపొద్దు, ఎఫ్ఎంబీ స్కెచ్ (సర్వే నంబరు కొలతల పటం) తీసుకుని సర్వేయరుతో హద్దు చూపించుకోండి, గట్టు మీద నాటినవి కాబట్టి ఒక్కో మాను ఏ వైపు పడుతుందో తేలాలి.

పట్టా భూమి వరకు దారి ఇదీ. మొదట నాయన పేరు నుంచి వారసుల పేరుకి మ్యుటేషన్ చేయించండి. దానికి డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కావాలి, అందులో అక్క పేరు ఉండి తీరాలి. భూమి పిత్రార్జితమైనా స్వార్జితమైనా కూతురికి వాటా ఉంది, హిందూ వారసత్వ చట్టానికి 2005లో సవరణ వచ్చింది, 2020లో సుప్రీంకోర్టు ఇంకా స్పష్టం చేసింది, పెళ్ళైపోయిందని పోదు. భూమిలో వాటా అంటే చెట్లలో కూడా వాటానే. అమ్మ ఉంటే ఆమెది కూడా. అక్కకి ఈ రోజే ఫోన్ చెయ్యండి, తర్వాత తెలిస్తే ఆమె కోర్టుకి పోయి స్టే తెచ్చుకోవచ్చు, అది తప్పు కూడా కాదు.

తర్వాత మీభూమి వెబ్‌సైట్‌లో అడంగల్ (మీ భూమి, సాగు వివరాల రికార్డు) తీసి చూడండి, చెట్ల వివరాలు ఎక్కాయా లేదా అని. లేకపోతే వీఆర్‌ఓ దగ్గర అర్జీ పెట్టి ఎక్కించండి, రసీదు తీసుకోండి. ఆ కాగితాలతో అటవీ శాఖ డీఎఫ్‌ఓ ఆఫీసులో మీ పేరు మీద మీరే దరఖాస్తు పెట్టండి. రెవెన్యూ వాళ్ళు, ఫారెస్టు వాళ్ళు వచ్చి చెట్లు లెక్కపెట్టి చుట్టుకొలత రాసుకుంటారు, ఆ రోజు మీరు తప్పకుండా అక్కడ ఉండండి, మీ నోట్‌బుక్కులో కూడా చెట్టు చెట్టుకీ కొలత రాసుకుని ఫోన్లో ఫోటో తీసుకోండి. మీరు రాసుకున్న ఆ లెక్కే రేపు ఎవరైనా ఎక్కువ దుంగలు కలిపితే మిమ్మల్ని కాపాడేది. కొట్టడానికి పర్మిషన్ వేరు, కొట్టిన దుంగలకి ఫారెస్టు వాళ్ళు సుత్తి ముద్ర వేశాక వచ్చే రవాణా పర్మిట్ వేరు, రెండోది చేతికి రాకుండా ఒక్క దుంగ కూడా చేను దాటకూడదు.

రేటు సంగతి కూడా ఒక మాట. ఎర్రచందనానికి ధర చేవని బట్టి, బయట తెల్లగా ఉండే భాగానికి విలువ లేదు, మీ చెట్లు నాటి పాతికేళ్ళు దాటినా లోపల చేవ ఎంత ఉందో కొట్టేదాకా ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. ఎక్స్‌పోర్ట్ రేటు ఇస్తా అని ఎవరైనా అంటే నమ్మొద్దు, ఎగుమతికి కేంద్ర విదేశీ వాణిజ్య విభాగం డీజీఎఫ్‌టీ అనుమతి, అరుదైన జాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం (సైటీస్) కింద పర్మిట్ అవన్నీ వేరే. తొందర లేకపోతే ఆగండి.

మామిడి చెట్లకి ఇంత తలనొప్పి లేదు, కానీ వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) 2002 ఉంది, చెట్టు కొట్టేముందు ఫారెస్టు ఆఫీసులో అర్జీ పెట్టుకోండి. సరుగుడు, జామాయిల్, సుబాబుల్ తోటలకి ఉన్న వెసులుబాటు మామిడికి కూడా ఉంటుందని ఊహించుకుని రంపం పెట్టొద్దు.

ఇప్పుడు ఆ వ్యాపారి. అడ్వాన్స్ ఖర్చు పెట్టకండి, కొంత ఖర్చైపోయుంటే సర్దుకోండి. కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 65 ప్రకారం చెల్లని ఒప్పందం కింద తీసుకున్న డబ్బు తిరిగి ఇవ్వాలి, కాబట్టి మీరు ఇచ్చేయడమే మీకు బలం. చేతికి నగదు ఇవ్వొద్దు, అతని బ్యాంకు ఖాతాకే వేయండి. అదే రోజు ఒక లాయరు ద్వారా నోటీసు స్పీడ్ పోస్టులో పంపండి, అందులో ఒప్పందం రద్దు చేసుకుంటున్నామని, రెండు తెల్లకాగితాల మీద సంతకాలు ఫలానా తేదీన తీసుకున్నారని, అవి, స్టాంప్ పేపరు తిరిగి ఇవ్వాలని, మా పేరు మీద ఏ దరఖాస్తూ పెట్టే అధికారం మీకు లేదని రాయించండి. దాని కాపీ జత చేసి డీఎఫ్‌ఓకీ, తహసీల్దారుకీ ఒక్కో అర్జీ ఇవ్వండి: మా సర్వే నంబరు మీద మేం స్వయంగా రాకుండా ఎవరు దరఖాస్తు పెట్టినా తీసుకోవద్దు అని. ఆ రెండు అర్జీల కాపీల మీద ఆఫీసు సీలు, తేదీ వేయించుకుని ఇంట్లో పెట్టుకోండి. వ్యాపారి బెదిరిస్తే వాదన పెట్టుకోకుండా ఆ కాపీలు పట్టుకుని స్టేషన్‌లో కంప్లైంట్ ఇవ్వండి.