ఆటోసెట్ మీద నుంచి వేలు తీయండి

ప్రశ్న: మైక్రోకంట్రోలర్ నుంచి 9600 బాడ్‌తో (సెకనుకు 9600 బిట్లు) సీరియల్ డేటా పంపుతున్నాను, ప్రతి 50 మిల్లీసెకన్లకు 10 బైట్లు. ఆసిలోస్కోప్‌లో (వోల్టేజ్ మార్పుల్ని తెర మీద గీసి చూపే పరికరం) ఆటోసెట్ ఎన్నిసార్లు నొక్కినా తెర మీద వేవ్‌ఫామ్ నిలవడం లేదు. స్కోప్ పాడైందా? రూటర్‌లో పోర్ట్ తెరిచి బయటి నుంచి చూసినా ఇంతే.

జవాబు: స్కోప్‌కేం కాలేదు. ఇదే ఫిర్యాదు ఎన్నిసార్లు వచ్చిందో లెక్క మర్చిపోయాను, ప్రతిసారీ సిగ్నల్ ఒక్కటే మారుతుంది. ఆటోసెట్ అంటే సెట్టింగులన్నీ స్కోప్ తనే ఎంచుకునే బటన్, ఆగకుండా వచ్చే సైన్, స్క్వేర్ వేవ్‌ల కోసం పెట్టింది. మీది కాసేపు వచ్చి కాసేపు ఆగే సిగ్నల్. 'కిందికి దిగే ఎడ్జ్ (వోల్టేజ్ పై నుంచి కిందికి పడే చోటు) కనబడగానే గీయి' అని మాత్రమే స్కోప్‌కి చెప్పారు, ఒక్కో బైట్‌లో అలాంటివి ఐదు దాకా ఉండొచ్చు, కాబట్టి అది ఓసారి మొదటి బైట్‌ని, ఓసారి ఏడో బైట్ నడుమని పట్టుకుంటుంది. పాపం దాని తప్పేముంది?

గీయడం ఎప్పుడు మొదలెట్టాలో స్కోప్‌కి చెప్పేది ట్రిగ్గర్; దాని సోర్స్ మీరు ప్రోబ్ పెట్టిన ఛానెలేనా చూడండి (నవ్వకండి, సగం మంది ఇక్కడే దొరికిపోతారు). 5 వోల్ట్‌ల లాజిక్ అయితే లెవెల్ 2.5 దగ్గర, మోడ్ నార్మల్‌లో. ఆటో మోడ్‌లో ఉంచితే ట్రిగ్గర్ కాస్త ఆలస్యమైనా స్కోప్ తనంతట తానే ఏదో ఒకటి గీసేస్తుంది. అసలు మందు హోల్డాఫ్, అంటే ఒకసారి ట్రిగ్గర్ అయ్యాక మళ్లీ ట్రిగ్గర్ కాకుండా స్కోప్ ఆగే గడువు. 9600 దగ్గర ఒక బైట్‌కి (స్టార్ట్, స్టాప్ బిట్లతో కలిపి పది బిట్లు) సుమారు 1.04 మిల్లీసెకన్లు, పదింటికి 10.4. హోల్డాఫ్ 20 మిల్లీసెకన్లు పెడితే మొదట్లో మధ్యలో ఎక్కడ పట్టుకున్నా, గడువు ముగిసేది ఖాళీలోనే, తర్వాతి ట్రిగ్గర్ మళ్లీ మొదటి బైట్ దగ్గరే.

పాత అనలాగ్ స్కోప్‌లు చాలావాటికి హోల్డాఫ్ నాబ్ ముందే ఉండేది. ఇప్పుడు టచ్‌స్క్రీన్ పెట్టి దాన్ని మూడో మెనూలో దాచేశారు, ఆటోసెట్‌కి మాత్రం పెద్ద బటన్.

నన్ను నిజంగా భయపెట్టింది మీ ఆఖరి వాక్యం. నెట్‌వర్క్ స్కోప్‌లు చాలావరకు మామూలు టెక్స్ట్ కమాండ్లు వింటాయి, తరచుగా 5025 పోర్ట్ మీద, సాధారణంగా పాస్‌వర్డ్ కూడా అడగవు. ల్యాబ్‌లో అందరూ మనవాళ్లే అనుకున్న కాలంలో పుట్టిన పద్ధతి అది. ఆ పోర్ట్ ఇంటర్నెట్‌కి తెరిస్తే ఎవరైనా సెట్టింగులు మార్చొచ్చు, స్కోప్‌లో సిగ్నల్ జనరేటర్ ఉంటే దాని ఔట్‌పుట్ ఆన్ చేసి మీ బోర్డులోకి వోల్టేజ్ పంపొచ్చు కూడా. ముందు ఆ పోర్ట్ మూసేయండి. బయటి నుంచి చూడక తప్పదంటే వీపీఎన్ (మీ నెట్‌వర్క్‌లోకి మీకు మాత్రమే తెరుచుకునే రహస్య దారి) పెట్టుకోండి.

అప్పటికీ నిలవకపోతే మళ్లీ రాయండి, ఈసారి ట్రిగ్గర్ మెనూ తెరిచి ఉన్న స్క్రీన్‌షాట్ జత చేసి.