కండరమా, స్నాయువా? ‘నునుపు’ అంటే ఏమిటి?

ప్రశ్న: మాది రాయదుర్గం. ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. మా తరగతిలో ఇంట్లో కన్నడం మాట్లాడే పిల్లలు కొందరున్నారు. కండరాన్ని వారు ‘స్నాయు’ అంటారు. మన పుస్తకంలో ‘స్నాయుబంధనం’ అంటే కండరాన్ని ఎముకకు అతికించే భాగం. ఏది సరైనది? ‘కండరం’ అన్న మాట ‘కండ’ నుంచి పుట్టిందేనా? ‘నునుపు కండరం’, ‘అరేఖిత కండరం’, ‘అనియంత్రిత కండరం’ మూడూ ఒకటేనని పిల్లలకు చెప్పవచ్చా?

సమాధానం: మీ మూడో ప్రశ్నలోనే అసలు చిక్కు ఉంది కనుక ముందు రెండింటినీ త్వరగా ముగిస్తాను.

మీ పిల్లలు తప్పు చెప్పడం లేదు. కన్నడంలో స్నాయు అంటే కండరమే, మరాఠీలోనూ అంతే. బెంగాలీకి వెళ్తే అదే మాటకు నాడి అని అర్థం. ‘పేశి’ సంగతీ ఇలాంటిదే: హిందీవారికి అది కండరం, మరాఠీవారికి కణం. ప్రాచీన సంస్కృత వైద్యగ్రంథం సుశ్రుత సంహిత మనిషి శరీరంలో పేశులు 500, స్నాయువులు 900, కండరలు 16 అని విడివిడిగా లెక్క చెప్పింది. పేశి అంటే మాంసపు కండ, స్నాయువు అంటే కీళ్లనూ అవయవాలనూ బిగించి కట్టి ఉంచేది. ఆ స్నాయువుల్లోనే గుండ్రంగా ఉండేవాటిని ఆ గ్రంథం కండరలు అన్నది. చేతులు, కాళ్లు, మెడ, వీపు, ఒక్కొక్కచోట నాలుగేసి. అంటే సంస్కృతంలో ‘కండరా’ కండరం కాదు, కండరాన్ని ఎముకకు బిగించే గట్టి తాడు వంటిది. మనం ఈనాడు స్నాయుబంధనం అంటున్నది దానికే దగ్గర.

ఈ లెక్కన ‘కండరం’ మన ‘కండ’ నుంచి పుట్టలేదు, సంస్కృతం నుంచి వచ్చింది. అయితే అది తాడు అన్న అర్థాన్ని విడిచి మాంసపు అర్థానికి జరగడానికి, ముందునుంచీ మన నాలుకమీద ఉన్న ‘కండ’ కారణమై ఉంటుందని నా అభిప్రాయం. కండలు తిరిగినవాడు, కండలు కరిగించి సంపాదించినవాడు అని అనుకునే జాతికి ‘కండర’ అన్న ధ్వని వినబడితే కండే గుర్తుకు వస్తుంది. మూలంలో అర్థం వేరు గనుక మనం దిద్దుకోవాలన్న వాదాన్ని నేను ఒప్పుకోను. తెలుగులో కండరం అంటే కండరమే. కన్నడ పిల్లలకు మాత్రం ‘స్నాయుబంధనం’ అన్న సమాసాన్ని ‘స్నాయువును ఎముకకు కట్టే బంధనం’ అని వారి భాషలోని అర్థంతోనే విప్పి చెప్పండి. భావం ఏమాత్రం చెడదు, పైగా ఒక్కసారి వింటే మరచిపోరు.

ఇక్కడే ఇంకొక మాట. అనంతపురం సంతలో మూట దింపుతూ పిక్క బిగుసుకున్నవారు “నరం పట్టుకునింది” అంటారు. బిగుసుకున్నది కండరమే. కానీ ‘నరం’ పూర్వం నుంచీ నాడికీ, రక్తనాళానికీ, లోపలి తాడు వంటి భాగాలన్నిటికీ ఉమ్మడి మాటగా ఉంది. తమిళంలో ‘నరంబు’ వీణ తీగకు కూడా చెల్లుతుంది. కాబట్టి ఇంట్లో ఆ మాట అన్న పిల్లవాణ్ణి తప్పుపట్టకండి, పరీక్షలో రాసినప్పుడు మాత్రం దిద్దండి.

ఇక మూడో ప్రశ్న. ఆ మూడు పేర్లూ ఒకటి కావు. రేఖిత (చారలున్న), అరేఖిత (చారలు లేని) అన్నవి సూక్ష్మదర్శినిలో కంటికి కనబడిన రూపాన్ని బట్టి పెట్టిన పేర్లు. నియంత్రిత, అనియంత్రిత అన్నవి మన ఇచ్ఛకు లోబడుతుందా లేదా అన్న పనిని బట్టి పెట్టినవి. చేతి కండరం రేఖితం, నియంత్రితం. పేగు గోడలోనిది అరేఖితం, అనియంత్రితం. ఇంతవరకు రెండు జతలూ ఒకదానిమీద ఒకటి సరిగ్గా అమరుతున్నట్టే ఉంటాయి, పిల్లలు అక్కడే ఆగిపోతారు. గుండె ఆ అమరికను చెడగొడుతుంది: దానికి చారలు ఉన్నాయి, మన మాట మాత్రం వినదు. అనియంత్రితం అంటే చారలు లేనిదే అని రాసిన విద్యార్థి గుండెను ఎక్కడ పెడతాడు?

‘నునుపు’ మరింత ప్రమాదకరమైన మాట. నునుపు చేతికి తెలిసే గుణం. ఆ పేరు పెట్టినవారు చేత్తో తడిమి పెట్టలేదు, గాజుపలక మీద చారలు కనబడలేదు కనుక పెట్టారు. బోటి శుభ్రం చేసే ఇంట్లో పెరిగిన పిల్లవాడికి పొట్టేలి పెద్దపొట్ట లోపలి పక్క తువాలులా గరుకుగా ఉంటుందని తెలుసు. ఆ గోడలో ఉన్న కండరాన్ని ‘నునుపు కండరం’ అంటే అతడు నమ్మకపోవడం న్యాయమే. అందుకే నేను ‘చారలు లేని కండరం’ అన్న మాటకే ఓటు వేస్తాను. పుస్తకంలో నునుపు అని ఉంటే, నునుపు ఎందుకన్నారో ఒక వాక్యంలో చెప్పి ముందుకు పోవాలి.

‘చార’ విషయంలోనూ ఒక పొరపాటు ఉంది. ఉడికిన తొడ మాంసాన్ని చీల్చితే నిలువునా పోగులు పోగులుగా వస్తుంది గదా, ఆ పోగులనే చారలు అనుకుంటారు. అవి కండర తంతువుల కట్టలు. చారలు అడ్డంగా ఉంటాయి, ఉత్త కంటికి అందవు. కడపలో ఒక అధ్యాపక మిత్రుడు తన ప్రయోగశాలలో నాకు చూపించినప్పుడు, గులాబీరంగు పొడవాటి తంతువు అంచుల వెంట నీలి చుక్కలుగా కేంద్రకాలు వరుసకట్టి ఉన్నాయి. ఆ తంతువుకు అడ్డంగా, ముదురు ఒకటి, లేత ఒకటి చొప్పున, మగ్గం మీది బట్టలో అడ్డచారలలా సన్నని పట్టీలు కనబడ్డాయి. ‘తంతువు’ అన్నాం గనుక కణంలో ఒక భాగమేమో అనుకోరాదు. అస్థి కండరంలో, అంటే ఎముకలకు అతికి ఉండే కండరంలో, తంతువంటేనే ఒక కణం, అనేక కేంద్రకాలున్న కణం. దానిలోపల ఇంకా సన్నని సూక్ష్మతంతువులు ఉంటాయి. ముదురు పట్టీలో మయోసిన్ అనే లావు పోగులు, లేత పట్టీలో ఆక్టిన్ అనే సన్న పోగులు ఉంటాయి. ఈ అమరికలో పదేపదే వచ్చే ఒక్కొక్క ఘట్టం, అంటే సార్కోమియర్, సుమారు రెండు, రెండున్నర మైక్రోమీటర్ల పొడవుంటుంది.

‘సంకోచం’ అన్న మాటను వివరించేటప్పుడు కూడా ఈ చిత్రమే దారి చూపుతుంది. కండరం కుదించుకుంటుంది గాని పోగులు కుదించుకోవు. రెండు చేతుల వేళ్లను ఒకదాని సందుల్లోకి మరొకటి జొనిపినట్టు సన్న పోగులు లావు పోగుల మధ్యకు జారుతాయి. కాల్షియం అయాన్లు విడుదల కావాలి, కణానికి శక్తినిచ్చే ఏటీపీ ఖర్చు కావాలి. 1954లో శాస్త్రవేత్తలు హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్ ఒక జట్టుగా, ఆండ్రూ హక్స్‌లీ, రోల్ఫ్ నీడర్‌గెర్కె మరొక జట్టుగా ఈ సంగతిని వేరువేరుగా ప్రకటించారు. చారలు లేని కండరంలోనూ ఈ రెండు పోగులూ ఉన్నాయి, వరుసలో పేర్చి లేవు గనుక చార కనబడదు, అంతే. దాని కణం నూలు కండెలా మధ్యలో ఉబ్బి, రెండు కొసలా సన్నబడి, నడుమ ఒకే కేంద్రకంతో ఉంటుంది. నెమ్మదిగా ముడుచుకుంటుంది, చాలాసేపు అలాగే నిలబడగలదు.

గుండె కణాలు పొట్టివి, కొమ్మలు వేసి ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ఆ అతుకుల దగ్గర ముదురు అడ్డగీతలు కనబడతాయి. ఒక కణానికి అందిన ప్రేరణ ఆ అతుకుల గుండా పక్క కణానికి దాటిపోతుంది కనుకనే గుండె అంతా ఒక్క ఊపున కొట్టుకుంటుంది. ‘హృదయ కండరం’ అన్నా ‘గుండె కండరం’ అన్నా ఒకటే, రెండోది తరగతిలో త్వరగా అందుతుంది. మీ పిల్లలచేత మూడు కండరాలకూ రెండేసి విశేషణాలు రాయించండి, ఒకటి రూపానికి, ఒకటి పనికి: గుండె దగ్గరికి వచ్చేసరికి ‘రేఖితం, అనియంత్రితం’ అని వారే రాస్తారు.