అనంతపురం పాపకు ఏ చదువు, ఎక్కడి చదువు?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లాలో ఒక పల్లె. శనక్కాయ పంట మీద బతికేవాళ్లం. మా పాప గవర్నమెంటు జూనియర్ కాలేజీలో ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఫస్టియర్‌లో మార్కులు బాగా వచ్చాయి. వాళ్ల సార్లు సెంట్రల్ యూనివర్సిటీకి, తిరుపతి ఐసర్‌కు (సైన్స్ చదువు, పరిశోధన సంస్థ) పరీక్షలు రాయించమంటున్నారు. మా బావమరిదేమో అవన్నీ నిన్నగాక మొన్న పెట్టినవి, సరైన బిల్డింగులు కూడా లేవు, బెంగళూరులో ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో చేర్చమంటున్నాడు. కన్సల్టెన్సీ వాళ్లు ఏడాదికి రెండున్నర లక్షలు, హాస్టల్ వేరే అన్నారు. రెండెకరాలు అమ్మితే గానీ కుదరదు. పాపకు ఫిజిక్స్ అంటే ఇష్టం. ఆడపిల్ల ఒక్కతే దూరం పోతే ఎట్లా అని వాళ్లమ్మకు ఒకటే టెన్షన్. చిన్నోడు తొమ్మిది చదువుతున్నాడు. ఏం చెయ్యమంటారు?

జవాబు: భూమి అమ్మకండి. మిగతావన్నీ నిదానంగా మాట్లాడుకుందాం గానీ, కన్సల్టెన్సీ వాళ్లకు అడ్వాన్సు కట్టకుండా ఆగడం మాత్రం ఈ రోజే చెయ్యాల్సిన పని. పాప ఇంకా ఒక్క ప్రవేశ పరీక్ష కూడా రాయలేదు. తనకు ఎక్కడెక్కడ సీటు వస్తుందో తెలియకముందే నాలుగేళ్లకు పది లక్షల బేరం దేనికి?

మీ బావమరిది మాటలో నిజం లేకపోలేదు. ఆ సంస్థలన్నీ 2014 రాష్ట్ర విభజన చట్టంలో ఇచ్చిన హామీ మీద వచ్చినవే. తిరుపతి ఐఐటీ, ఐసర్, కర్నూలు ట్రిపుల్ ఐటీడీఎం (ఇంజనీరింగ్ సంస్థ) 2015లో మొదలయ్యాయి. అనంతపురం సెంట్రల్ యూనివర్సిటీ 2018లో వచ్చింది. ఐఐటీ మొదటి బ్యాచ్ పిల్లలు తాత్కాలిక క్యాంపస్‌లోనే చదివారు. కర్నూలు పిల్లలైతే మొదట తమిళనాడులోని కాంచీపురం ట్రిపుల్ ఐటీడీఎంలో తలదాచుకుని, ఆ తర్వాత జగన్నాథగట్టు మీదికి వచ్చారు. మన సెంట్రల్ యూనివర్సిటీ కూడా జేఎన్‌టీయూ ఆవరణలో సర్దుకునే మొదలైంది. దాని సొంత క్యాంపస్‌కు స్థలం బుక్కరాయసముద్రం మండలం జంతులూరులో ఇచ్చారు.

అయితే మీ బావమరిదికి ఇంకో సంగతి కూడా చెప్పండి. అనంతపురం ఇంజనీరింగ్ కాలేజీ, అంటే ఇప్పటి జేఎన్‌టీయూ కాలేజీ, 1946లో మొదలైంది అనంతపురంలో కాదు, మద్రాసు గిండీ కాలేజీ ఆవరణలో. 1948లో మన ఊరికి వచ్చింది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ 1974లో ఆబిడ్స్‌లో సరోజినీ నాయుడు గారి ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్‌లో మొదలైంది. గచ్చిబౌలి క్యాంపస్ తర్వాతి మాట. ఈ రెండిట్లో సీటు వస్తే ఇవాళ బిల్డింగు ఎప్పుడు కట్టారని అడిగేవాళ్లు ఎవరున్నారు?

ఇక్కడ నా మనసులో మాట ఒకటి చెప్పాలి. అనంతపురంలో యూనివర్సిటీ కేంద్రం ఉండాలని 1937 శ్రీబాగ్ ఒప్పందంలోనే కోస్తా, సీమ పెద్దలు రాసుకున్నారు. వాల్తేరుతో పాటు అనంతపురంలోనూ ఆంధ్ర విశ్వవిద్యాలయం కేంద్రం ఉండాలన్నది అందులో ఒక షరతు. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం పూర్తి స్థాయి యూనివర్సిటీ అయ్యేసరికి 1981 వచ్చింది. మన తాతలు అడిగినది మన దాకా రావడానికి అంత కాలం పట్టింది. అందుకే "ఆఁ, మన ఊరి యూనివర్సిటీయే కదా" అని ఎవరైనా తేలిగ్గా తీసిపారేస్తే నాకు కష్టంగా ఉంటుంది.

అలాగని దగ్గర్లో ఉంది కాబట్టి కళ్లు మూసుకుని చేర్చమని నేను అనను. కొన్నేళ్ల కిందట ఒక పిల్లవాడికి, పేరు విని, దూరాన ఉన్న ఒక కాలేజీ చెప్పాను. మూడో నెలలో ఫోన్ చేశాడు. ల్యాబ్‌లో పరికరాల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా తియ్యలేదు మేడం, చూపిస్తారే గానీ ముట్టుకోనివ్వరు అన్నాడు. ఆ రోజు నుంచి స్వయంగా వెళ్లి చూసిరండి అని చెప్పకుండా ఏ కాలేజీ పేరూ ఎవరికీ చెప్పడం లేదు. మీరు కూడా ఒక పని దినాన పాపను వెంటబెట్టుకుని వెళ్లండి. ఆదివారం వెళితే గేటు, గోడలు తప్ప ఏమీ కనిపించవు.

వెళ్లాక ఆఫీసులో కూర్చోవద్దు. నేరుగా ఫిజిక్స్ డిపార్ట్‌మెంటుకు వెళ్లి, పర్మనెంట్ అధ్యాపకులు ఎంతమంది, గెస్ట్ ఫ్యాకల్టీ ఎంతమంది అని అడగండి. కొత్త సంస్థల్లోనూ, మన రాష్ట్ర యూనివర్సిటీల్లోనూ అసలు లోటు ఇదే. ఖాళీలు ఏళ్ల తరబడి నింపరు, ఏడాదికోసారి మారిపోయే గెస్ట్ లెక్చరర్లతో నెట్టుకొస్తారు. పాఠం చెప్పే మనిషి నాలుగేళ్లు అక్కడే ఉంటే, ఫైనలియర్లో పాపకు ప్రాజెక్టు ఇచ్చేదీ, పై చదువుకు సిఫార్సు లేఖ రాసేదీ ఆయనే. ఆయన లేకపోతే పాలరాతి బిల్డింగు ఏం చేస్తుంది? తర్వాత రెండో సంవత్సరం ఆడపిల్లలను ఇద్దరు ముగ్గురిని పట్టుకోండి. మాట్లాడేది పాపే, మీరు కాస్త దూరంగా నిలబడండి. హాస్టల్లో నీళ్లు ఎట్లా ఉన్నాయి, లైబ్రరీ రాత్రి ఎంతవరకు తెరుస్తారు, వారానికి ల్యాబ్ ఎన్ని గంటలు, సీనియర్లు ఎక్కడెక్కడ చేరారు అన్నవి వాళ్లు ఉన్నది ఉన్నట్టు చెబుతారు. కొత్త చోట్ల పాత విద్యార్థుల అండ తక్కువ, క్యాంపస్‌కు వచ్చే కంపెనీలూ తక్కువ. అది లోటే, దాచడానికి లేదు. చదువు అయ్యాక నేరుగా ఉద్యోగం కావాలనుకునే పిల్లలు దాన్ని లెక్కలో వేసుకోవాలి. పై చదువులకు వెళ్లాలనుకునేవారికి దానికన్నా గురువు, ల్యాబ్ ముఖ్యం.

ఇప్పుడు పాప రాయాల్సిన పరీక్షలు. సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ, ఐసర్‌కు ఐఏటీ, కర్నూలు ట్రిపుల్ ఐటీడీఎంకూ తాడేపల్లిగూడెం ఎన్ఐటీకీ జేఈఈ మెయిన్, మన జేఎన్‌టీయూ, ఎస్వీయూ ఇంజనీరింగ్ కాలేజీలకు ఈఏపీసెట్. నాలుగూ రాయించండి. దరఖాస్తు ఖర్చు కొన్ని వేలు అవుతుంది, ఆ ఖర్చుకు వెనకాడవద్దు. సీయూఈటీ, జేఈఈ మెయిన్ తెలుగులో కూడా రాయొచ్చు. దరఖాస్తులోనే భాష ఎంచుకోవాలి కాబట్టి నింపేటప్పుడు నెట్ సెంటర్ అబ్బాయికి వదిలెయ్యకుండా పాపను దగ్గర కూర్చోబెట్టండి. ఐఏటీలో ఒక మెలిక ఉంది. అరవై ప్రశ్నల్లో పదిహేను బయాలజీవి. ఎంపీసీ పిల్లలు అది చూసి బెదిరిపోతారు. అన్నీ రాయనక్కర్లేదు, లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ గట్టిగా చేస్తే చాలామంది గట్టెక్కుతారు.

ఈఏపీసెట్ సీట్లలో 85 శాతం స్థానికులకే. అనంతపురంలో చదివింది కాబట్టి పాప ఎస్వీయూ పరిధిలో స్థానికురాలు. ప్రతి కేటగిరీలోనూ మూడో వంతు సీట్లు ఆడపిల్లలకు ఉంటాయి. ఐఐటీల్లో, ఎన్ఐటీల్లో కూడా ఆడపిల్లలు కనీసం 20 శాతం ఉండేలా అదనపు సీట్లు పెట్టారు. ఈ వెసులుబాటు ఉన్న పాపకు, ఏ వెసులుబాటూ లేని బెంగళూరు మేనేజ్‌మెంట్ సీటు మొదటి ఆలోచన ఎందుకవ్వాలి? అక్కడి ప్రభుత్వ కోటా కర్ణాటకలో చదివిన పిల్లలకు. మన ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆ సీటుకు రాదు.

డబ్బు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే భూమి అమ్మకం దాకా వచ్చింది ఇక్కడే. సెంట్రల్ యూనివర్సిటీ ఫీజు వేలల్లో ఉంటుంది, లక్షల్లో కాదు. ఇంటర్‌లో బోర్డు మొత్తం మీద మొదటి ఒక శాతంలో నిలిచి, ఐసర్‌లో గానీ బీఎస్సీలో గానీ సైన్స్ చదివే పిల్లలకు ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ ఏడాదికి 80,000 రూపాయలు. అంత రాకపోయినా మొదటి ఇరవై శాతంలో ఉండి, ఇంటి ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉంటే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ డిగ్రీలో ఏడాదికి 12,000. ఇంజనీరింగ్‌లో చేరితే ఆడపిల్లలకు ఏఐసీటీఈ (సాంకేతిక విద్యను పర్యవేక్షించే కేంద్ర సంస్థ) ఇచ్చే ప్రగతి స్కాలర్‌షిప్ ఏడాదికి 50,000, ఆదాయ పరిమితి ఎనిమిది లక్షలు. ఐఐటీ, ఎన్ఐటీల్లో ఇంటి ఆదాయం లక్ష లోపైతే ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ, ఐదు లక్షల లోపైతే మూడింట రెండు వంతులు మాఫీ. ఇన్ని చెబుతున్నా ఏటా పిల్లలు పోగొట్టుకునేది ఆదాయ ధ్రువపత్రం సమయానికి లేకనే. ఆధార్‌లో ఒక పేరు, పదో తరగతి మెమోలో ఇంకో పేరు ఉండటం మరో తలనొప్పి. ఈ నెలలోనే సరి చేయించండి.

అప్పటికీ చాలకపోతే బ్యాంకు లోను. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో, ర్యాంకింగ్ ఉన్న ఎంపిక చేసిన సంస్థల్లో మెరిట్ మీద సీటు వచ్చిన పిల్లలకు ఆస్తి తనఖా, హామీదారు లేకుండా లోను ఇస్తారు. ఎనిమిది లక్షల లోపు ఆదాయం ఉంటే పది లక్షల వరకు లోను మీద చదువుకునే కాలంలో మూడు శాతం వడ్డీ రాయితీ కూడా ఉంది. పాప కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో చేరకముందే చూసుకోవాలి.

మీరు శనక్కాయ రైతు కాబట్టి ఒక మాట. కదిరి-6 విత్తనం మీరు వేసే ఉంటారు. అది పుట్టింది మన కదిరి వ్యవసాయ పరిశోధన స్థానంలో. పరిశోధన అంటే ఎక్కడో ఢిల్లీలోనో అమెరికాలోనో జరిగేది అనుకుంటాం గానీ, మీ చేలో మొలిచింది మన మధ్య కూర్చుని పని చేసిన శాస్త్రవేత్తల కష్టం. ఫిజిక్స్‌లోనూ అంతే. తిరుపతి దగ్గర గాదంకిలో అంతరిక్ష శాఖ కింద జాతీయ వాతావరణ పరిశోధన సంస్థ ఉంది. పెద్ద రాడార్‌తో వాతావరణం పై పొరలను చూస్తారు. పాపను ఒకసారి తీసుకెళ్లడానికి అనుమతి దొరుకుతుందేమో వాళ్ల కాలేజీ సార్ల చేత రాయించండి. ఫిజిక్స్ చదివి ఏం చేస్తావని రేపు చుట్టాలు అడిగితే పాప నోట్లో జవాబు ఉండాలి. ఎమ్మెస్సీ తర్వాత బాబా అణు పరిశోధన కేంద్రం ఏటా పరీక్ష పెట్టి శిక్షణకు తీసుకుంటుంది. పీహెచ్‌డీకి జేఆర్ఎఫ్ (పరిశోధన చేసే పిల్లలకు ఇచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 ఫెలోషిప్, ఇంటి అద్దె భత్యం అదనం. లెక్చరర్ ఉద్యోగం ఉండనే ఉంది. ఇంజనీరింగ్ కన్నా దారి పొడవు, అది మాత్రం నిజం. సంపాదన మొదలవడానికి ఏడెనిమిదేళ్లు పట్టొచ్చు. అంత కాలం ఇంట్లో తట్టుకోగలరా అన్నది మీరూ వాళ్లమ్మా పాపతో కూర్చుని దాపరికం లేకుండా మాట్లాడుకోవాలి. తట్టుకోలేమంటే ఈఏపీసెట్‌లో మంచి ప్రభుత్వ కాలేజీ చూసుకోవడం తప్పేమీ కాదు.

పాప వాళ్లమ్మ భయాన్ని కొట్టిపారెయ్యకండి. అనంతపురం క్యాంపస్‌కు వెళ్లినప్పుడు ఆమెను కూడా తీసుకెళ్లండి, హాస్టల్ గది కళ్లారా చూడనివ్వండి. వార్డెన్‌తో మాట్లాడితే సగం టెన్షన్ పోతుంది. తిరుపతిలో సీటు వచ్చినా అది రాత్రి బస్సెక్కితే పొద్దునకు చేరే దూరమే.

పాపకు తెలుగు మీడియం బెంగ ఉంటుంది. మొదటి సెమిస్టర్ కష్టంగానే గడుస్తుంది. ఇప్పటి నుంచే ఫిజిక్స్ పుస్తకం ఇంగ్లిష్‌ది కూడా పక్కన పెట్టుకుని, రోజుకు రెండు పేజీలు బయటికి చదివితే పదాలు అలవాటవుతాయి. వ్యాకరణం పుస్తకాలు అక్కర్లేదు.

చివరికి మీ బావమరిది చెప్పిన చోటే చేర్చాలని మీరు నిర్ణయించుకున్నా, పరీక్షల ఫలితాలన్నీ వచ్చాకే చెయ్యండి. ఆ కాలేజీకి ఏఐసీటీఈ అనుమతి, ఆ బ్రాంచికి ఎన్‌బీఏ (కోర్సు నాణ్యత చూసే సంస్థ) గుర్తింపు ఉన్నాయా చూడండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకునే హక్కు ఏ కాలేజీకీ లేదు. చూపించి వెనక్కి తెచ్చుకోండి.

చిన్నోడి గురించి మీరు అడగలేదు గానీ వాడికి దారి ఇంకా దగ్గర్లో ఉంది. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ, అంటే ఆర్‌జీయూకేటీ, పదో తరగతి మార్కుల మీదే చేర్చుకుంటుంది. ఆరేళ్ల చదువు, ఇంటర్, బీటెక్ రెండూ అక్కడే. హాస్టల్ లేని ప్రభుత్వ బడిలో చదివే పిల్లలకు అదనంగా నాలుగు శాతం మార్కులు కలుపుతారు. వాడు ఇప్పుడు అలాంటి బడిలోనే ఉంటే, పదో తరగతికని ప్రైవేటు బడికి మార్చకండి.