వియ్యంకుడి తాతది జపాన్‌లో ఏ ఊరో కనుక్కోవడం ఎట్లా?

ప్రశ్న: మాది కావలి. మా పెద్దోడు అమెరికా పోయి హవాయి అమ్మాయిని చేసుకున్నాడు, కోడలు వాళ్లది జపాన్ మూలం. మా వియ్యంకుడి తాత 1900 ప్రాంతంలో చెరకు తోటల్లో పనికి ఓడెక్కి వచ్చినాడంట, అంతకు మించి వాళ్లకే తెలీదు. మనవరాలి కోసం వంశవృక్షం రాపిస్తున్నాం. మా వైపు ఏడు తరాలు మామగారి నోట్‌బుక్‌లో ఉన్నాయి, తల్లి వైపు మాత్రం ఆ పెద్దాయన సమాధి రాయి ఫోటో ఒక్కటే ఉంది. జపాన్ ఆఫీసులకి నేను ఈమెయిల్ పెడితే చెప్తారా?
- ఒక నాయనమ్మ, కావలి

జవాబు: మీరు అడిగితే ఇవ్వరమ్మా, కానీ మీ వియ్యంకుడు అడిగితే ఇస్తారు, కోడలు అడిగినా ఇస్తారు. జపాన్‌లో కుటుంబానికొక రిజిస్టర్ ఉంటది, కోసెకి అంటారు, పుట్టడం, పెళ్లి, దత్తత, చావు అన్నీ అందులోనే ఎక్కిస్తారు, దాన్ని నేరుగా ఆ రక్తంలో పుట్టినవాళ్లు అడగొచ్చు. వాళ్ల పాస్‌పోర్ట్ కాపీ, ఆ తాత దాకా తరం తరానికీ లింకు చూపించే బర్త్ సర్టిఫికెట్లు పెట్టాలి. పాత రిజిస్టర్ కాపీకి ఫీజు 750 యెన్‌లే, కాకపోతే చాలా చోట్ల జపాన్ పోస్టాఫీస్ మనీఆర్డర్ రూపంలోనే అడుగుతారు కాబట్టి అక్కడ తెలిసినవాళ్లు ఎవరన్నా ఉంటే పని సులువైతది.

అసలు చిక్కంతా అప్లికేషన్ ఏ ఊరికి పంపాలా అనేదే. కోసెకి ఉండేది హోన్‌సెకి అనే సొంతూరి అడ్రస్ కింద, ఆ ఊరు తెలీకుండా పేరొక్కటే పట్టుకుని దేశమంతా వెతికిపెట్టే ఆఫీస్ లేదు. అందుకే మీ దగ్గరున్న ఆ రాయి ఫోటో చాలా విలువైంది. హవాయిలో మొదటి తరం వాళ్ల సమాధుల మీద సొంతూరు చెక్కించడం చాలా చోట్ల ఉంది, నిలువు వరసలో ముందు కెన్ అంటే జిల్లా లాంటిది, తర్వాత గున్ అంటే తాలూకా లాంటిది, ఆ తర్వాత మురా అంటే పల్లె, అట్లా ఉంటది. ఫోటో మసగ్గా ఉంటే వియ్యంకుణ్ణి పోయి పొద్దున్నే ఏటవాలు ఎండలో మళ్లీ తీయమనండి, అక్షరాలు తేలతాయి. చనిపోయిన తేదీ చక్రవర్తి ఏలుబడి లెక్కలో ఉంటే కంగారు పడొద్దు, మెయిజి సంవత్సరానికి 1867 కలపండి, తైషోకి 1911, షోవాకి 1925, అంటే మెయిజి 38 అంటే 1905.

రాయి మీద ఊరు లేకపోతే ఓడ ప్యాసింజర్ లిస్టులు చూడాలి, 1907 నుంచి అమెరికా లిస్టుల్లో సొంత దేశంలో ఉన్న దగ్గరి బంధువు పేరు, అడ్రస్ కూడా రాయించేవాళ్లు. ఆయన అంతకు ముందే వచ్చినా మధ్యలో ఒకసారి ఇంటికి పోయొచ్చి ఉండొచ్చు కదా. హవాయికి పోయినవాళ్లు ఎక్కువగా హిరోషిమా, యమగుచి, కుమమోటో, ఫుకుఒకా వైపు వాళ్లు. ఊరి పేరు దొరికినా ఇప్పటి మ్యాప్‌లో కనపడకపోవచ్చు, 1999లో 3,232 ఉన్న మున్సిపాలిటీలు, ఊళ్లు కలిపేస్తే 2010కి 1,727 అయినాయి, కాబట్టి ఆ పల్లె ఏ టౌన్‌లో కలిసిందో చూసుకుని అక్కడికే రాయాలి.

ఒక్క కాపీ వస్తే ఆగొద్దు. అందులో ఈ మనిషి ఏ కోసెకి నుంచి వచ్చాడు, భార్య ఎవరింటి ఆడబిడ్డ అని ఉంటది, దాన్ని పట్టుకుని ఇంకా వెనక్కి అడగాలి. 1886 నమూనా రిజిస్టర్ల దాకా పోవచ్చు. అందులో ఇంటిపెద్దగా ముసలాయన పేరుంటే ఆయన పుట్టింది 1820ల్లో కూడా అయ్యుండొచ్చు. 1872లో రాసిన మొట్టమొదటివి మాత్రం ఎవరికీ చూపించరు, వాటిలో ఒకప్పుడు అంటరానివాళ్లుగా చూసిన కుటుంబాల గుర్తులున్నాయి, పెళ్లిళ్లకీ ఉద్యోగాలకీ అవి తిరగేసి మనుషుల్ని పక్కన పెడుతున్నారని 1968లో మూసేశారు. కులం ఆరా తీసే మన ఊళ్లు చూసినవాళ్లుగా అది సరైన పనే అని నేను గట్టిగా చెప్తాను.

గుడుల్లో కకోచో అని చనిపోయినవాళ్ల పుస్తకాలు కూడా ఉంటాయి, గయలో పండాల దగ్గర మన వంశాల పుస్తకాలు ఉన్నట్టే. వాటినీ అదే కారణంతో చాలామంది పూజారులు చూపించరు, మర్యాదగా ఉత్తరం రాసి మా పెద్దాయన పేరు, తేదీ మాత్రం చెప్పండి చాలు అని అడగాలి.

ఆలస్యం మాత్రం చేయొద్దమ్మా. ఇప్పుడు వాడకంలో లేని పాత రిజిస్టర్లు 80 ఏళ్లే ఉంచాలని రూల్ ఉండేది, 2010లో 150 ఏళ్లు చేశారు కానీ ఆలోపే పారేసినవి పోయినట్టే, ఒకినావాలో అయితే 1945 యుద్ధంలోనే చాలావరకు కాలిపోయినాయి. మీ వియ్యంకుడికి ఈ రోజే ఫోన్ చేసి తాత పేరు జపాన్ అక్షరాల్లో ఎట్లా రాసేవాళ్లో ఇంట్లో పాత ఉత్తరాల్లో, గుడి చందా రశీదుల్లో ఎక్కడన్నా ఉందేమో వెతకమనండి, ఒకే పలుకుకి పది రకాల రాతలు ఉంటాయి కాబట్టి అప్లికేషన్‌లో అది తప్పకుండా కావాలి.