బడిలో మొదటి నెల: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా పాపకు నాలుగేళ్లు. కిండర్‌గార్టెన్‌లో చేర్చి రెండు వారాలైంది. మొదటి మూడు రోజులు హుషారుగా వెళ్లింది. ఆ తర్వాత నుంచి గేటు దగ్గర ఒకటే ఏడుపు, నా చెయ్యి వదలదు. లోపలికి తీసుకెళ్లిన ఐదు నిమిషాలకే ఊరుకుంటోందని టీచర్ అంటున్నారు. పాప చూడకుండా జారుకోమని మా అత్తయ్య సలహా. అలా చేయవచ్చా?

జవాబు: వద్దు. ఆ పూటకు ఏడుపు తప్పుతుంది గానీ, మర్నాటి నుంచి పాప మిమ్మల్ని కనిపెట్టుకునే కూర్చుంటుంది. అమ్మ ఏ క్షణాన మాయమవుతుందో తెలియని పిల్లకు బొమ్మల మీద ధ్యాస ఎక్కడ ఉంటుంది? ఇంట్లో మీరు పక్కగదిలోకి వెళ్లినా వెంటబడటం, రాత్రిళ్లు లేచి తడుముకోవడం కూడా మొదలుకావచ్చు.

మూడు రోజులు బాగానే వెళ్లి తర్వాత ఏడవడంలో వింతేమీ లేదు. కొత్తచోటు చూసిన సరదా తీరి, ఇది ఇకపై రోజూ ఉండే వ్యవహారమని తెలిసొచ్చేది అప్పుడే. జ్వరం వచ్చి తగ్గాకో, సెలవుల తర్వాతో ఇదే ఏడుపు ఇంకోసారి రావచ్చు.

వీడ్కోలు నిమిషంలో ముగించండి. రోజూ అదే వరుస పాటించండి: బ్యాగు కొక్కేనికి పాపే తగిలిస్తుంది, మీరు ఒక ముద్దు పెట్టి ఒక మాట చెప్పి టీచర్ చేతికి అప్పగిస్తారు, వెనక్కి తిరగకుండా నడుస్తారు. ఆ మాటలో మీరు మళ్లీ ఎప్పుడు వస్తారో ఉండాలి. ‘మూడింటికి వస్తా’ అంటే ఈ వయసుకు బోధపడదు. బడిలో ఏది ముందో ఏది తర్వాతో టీచర్‌ను అడిగి తెలుసుకుని, ‘భోంచేసి, కథ విని, చెప్పులేసుకునేసరికి వచ్చేస్తా’ అనండి. అన్న వేళకు రావడం అన్నిటికన్నా ముఖ్యం. మొదటి నెలంతా ఐదు నిమిషాలు ముందే గేటు దగ్గరుండండి. తోటిపిల్లలు ఒక్కొక్కరే వెళ్లిపోతుంటే చివరికి మిగిలిన పిల్ల మర్నాడు ఎక్కువ ఏడుస్తుంది.

చాలామంది ‘ఇంకొక్క నిమిషం ఉంటాలే’ దగ్గరే దెబ్బతింటారు. గట్టిగా ఏడిస్తే అమ్మ ఆగుతుందని పాప దాంతోనే నేర్చుకుంటుంది. ఏడ్చిందని వెనక్కి తెచ్చేసినా అంతే. ‘ఏడిస్తే టీచర్ కొడుతుంది’ అని మాత్రం ఎవరూ అనకుండా చూసుకోండి. రోజంతా ఎవరి దగ్గర ఉండాలో ఆ మనిషి మీదే భయం పెట్టడం అది. వీలుంటే కొన్నాళ్లు మీవారిని దింపమనండి. వేరే మనిషి దింపితే పిల్లలు తేలిగ్గా లోపలికి వెళ్లడం తరచూ కనిపించేదే.

ఐదు నిమిషాల్లో ఊరుకుంటోందంటే కుదురుకుంటున్నట్టే లెక్క. నెల దాటినా తిండీ ఆటా లేక పూటంతా ఏడుస్తున్నా, ఇంట్లో గలగలా మాట్లాడే పిల్ల నెల గడిచినా బడిలో ఒక్క మాటా మాట్లాడకపోయినా పిల్లల డాక్టరును కలవండి.

ప్రశ్న: మా బాబుకు మూడేళ్లు రాకముందే టాయిలెట్ అలవాటైంది. బడిలో మాత్రం వారానికి రెండుసార్లయినా నిక్కరు తడుపుకుంటున్నాడు. బద్ధకమంటారా?

జవాబు: బద్ధకం కాదు. ఇంట్లో వస్తే పరుగెత్తుతాడు, సరిపోతుంది. బడిలో వచ్చిందని గుర్తించాలి, ఆట వదలాలి, అడగాలి, దారి తెలియాలి, గుండీ విప్పుకోవాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా నిక్కరు తడుస్తుంది. ఎక్కడ తప్పుతోందో టీచర్‌తో మాట్లాడి కనిపెట్టండి.

ముందు బట్టలు చూడండి. గుండీ, బెల్టు, గట్టి జిప్పు ఉన్నవి పక్కనపెట్టి నడుముకు ఎలాస్టిక్ ఉన్నవి వేయండి. బడికి వేసుకెళ్లే బట్టలతోనే ఇంట్లో విప్పి కట్టుకోవడం అలవాటు చేయండి. టీచర్‌తో ఏ మాట అనాలో కూడా నేర్పాలి. ఇంట్లో వాడే ముద్దుమాట అక్కడ ఎవరికీ అర్థం కాకపోవచ్చు. పిల్లలు లేని వేళ ఒకసారి బాబును బడి టాయిలెట్‌కు తీసుకెళ్లి ఫ్లష్ అతనితోనే నొక్కించండి. ఆ చప్పుడుకో, తలుపు గడియ మళ్లీ రాదేమోననో భయపడి ఉగ్గబట్టుకునే పిల్లలు మనం అనుకునేకంటే ఎక్కువ.

‘వస్తోందా?’ అని అడిగితే ఆటలో ఉన్న పిల్లాడు లేదనే అంటాడు. రాగానే, భోజనానికి ముందు, ఇంటికి బయల్దేరే ముందు అడగకుండానే పంపమని టీచర్‌ను కోరండి.

తడుపుకుంటున్నాడని నీళ్లు తగ్గించకండి. మూత్రం చిక్కబడితే మూత్రసంచికి చురుకు పుట్టి ఇబ్బంది పెరుగుతుంది. మలబద్ధకం ఉందేమో కూడా గమనించండి. నిండిన పేగు మూత్రసంచిని నొక్కుతుంది, ఈ సంగతి చాలామందికి తట్టదు. బ్యాగులో రెండు జతల బట్టలు, తడివాటికి ఒక కవరు పెట్టి, అవి ఎక్కడున్నాయో బాబుకు చూపించండి. పోసేటప్పుడు మంటగా ఉన్నా, జ్వరం వచ్చినా, మాటిమాటికీ దాహమంటూ ఎక్కువసార్లు పోస్తున్నా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి.

ప్రశ్న: లంచ్ బాక్సు పెట్టింది పెట్టినట్టే వెనక్కి వస్తోంది. ఇంట్లో మాత్రం బాగానే తింటుంది.

జవాబు: మొదట అనుమానించాల్సింది వంటను కాదు, మూతను. ఆ డబ్బా, ఆ నీళ్ల సీసా పాప చేత్తో ఇంట్లో నాలుగైదు సార్లు తెరిపించి, మూయించి చూడండి. రబ్బరు రింగుతో బిగిసే మూతలు చిన్న వేళ్లకు లొంగవు. తెరవమని అడగడానికి మొహమాటపడే పిల్ల ఆకలితోనే కూర్చుంటుంది.

తర్వాతది టైము. ఇంట్లో మీరు పక్కనుండి, కబుర్లు చెబుతూ ముప్పావుగంట తినిపిస్తే, బడిలో ఇరవై నిమిషాల్లో తనంతట తాను తినడం ఎలా కుదురుతుంది? సెలవురోజున అదే డబ్బాలో పెట్టి, బడిలో ఎంతసేపు ఇస్తారో అంతసేపే ఇచ్చి, పక్కన కూర్చోకుండా గమనించండి. ఎంత తిందో అంతే, లేదా కాస్త తక్కువే మర్నాడు పెట్టండి. నిండు డబ్బా చూస్తేనే కొందరికి తినబుద్ధి కాదు. ఒక నెలపాటు కొత్తరకాలు వద్దు, బాగా అలవాటైనవే చేత్తో పట్టుకుని తినేలా ముక్కలుగా పెట్టండి. ద్రాక్షపండ్లను నిలువుగా నాలుగు చీలికలు చేయాలి, గుండ్రంగా ఉన్నవి గొంతుకు అడ్డుపడతాయి. గట్టి గింజలు అసలే పెట్టకండి.

ప్రశ్న: బడిలో మా వాడంత బుద్ధిమంతుడు లేడట. ఇంటికొస్తే ప్రతిదానికీ అరుపులు, విసురులు. ఏం చేశావురా అంటే ‘ఏం లేదు’ అంటాడు.

జవాబు: పూటంతా వరుసలో నిలబడి, తన వంతు వచ్చేదాకా ఆగి, కోపం మింగి వచ్చాడు. ఆ బిగువంతా విప్పేది నమ్మకమున్న చోటే, అంటే మీ దగ్గరే. రాగానే ప్రశ్నలు వేయకండి. నీళ్లు, తినడానికి ఏదైనా ఇచ్చి అరగంట వదిలేయండి. మొదటి నెలలో సాయంత్రం డ్యాన్సు క్లాసులూ, ఊరంతా తిప్పడాలూ మానుకుంటే నయం. తర్వాత అడిగినా, ‘ఇవాళ నీ పక్కన ఎవరు కూర్చున్నారు?’ లాంటి చిన్న ప్రశ్న వేయండి.

నిద్ర కూడా లెక్క చూసుకోండి. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటలు కావాలి. బడిలో చేరి పగటి నిద్ర పోయిందంటే రాత్రి అంత ముందే పడుకోబెట్టాలి. ఒక్కసారిగా గంట ముందుకు జరిపితే మంచం మీద దొర్లుతాడే గానీ నిద్రపోడు. రెండుమూడు రోజులకోసారి పావుగంట చొప్పున జరపండి.

ప్రశ్న: చేరిన దగ్గర్నుంచీ జలుబు వదలడం లేదు. బడి మాన్పించాలా?

జవాబు: మాన్పించనక్కర్లేదు. ఈ వయసులో ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది జలుబులు మామూలే, నలుగురిలోకి కొత్తగా వెళ్లిన ఏడాది ఇంకా ఎక్కువ. తినేముందు, ఇంటికి రాగానే ఇరవై సెకన్లు సబ్బుతో చేతులు కడగడం అలవాటు చేయండి. జ్వరం వస్తే మాత్రం మందు వేయకుండానే 24 గంటలు జ్వరం లేదని తేలాకే పంపండి. పొద్దున మందు వేసి పంపితే మధ్యాహ్నానికి ఫోన్ వస్తుంది, ఈలోగా పక్కపిల్లలకూ అంటుకుంటుంది.

ప్రశ్న: వచ్చే ఏడు చేర్చబోతున్నాం. ఇప్పటి నుంచే అక్షరాలు దిద్దించాలా?

జవాబు: అక్షరాలకు తొందరలేదు, అవి నేర్పడానికే టీచర్ ఉన్నారు. వేళ్లకు బలం రావాలంటే బంకమట్టి పిసకడం, మొనలేని కత్తెరతో కాగితం కత్తిరించడం చాలు. ఈలోగా ముక్కు తుడుచుకోవడం, చేతులు కడుక్కోవడం, బ్యాగు జిప్పు లాగడం, బూట్లు వేసుకోవడం నేర్పండి. లేసుల బదులు అంటించే పట్టీ ఉన్న బూట్లు కొనండి. కుడిఎడమలు తేల్చుకోలేకపోతే ఒక బొమ్మ స్టిక్కరును నిలువుగా రెండుగా కత్తిరించి, చెరో సగం బూట్ల లోపల అంటించండి. జతను సరిగ్గా పక్కపక్కన పెడితేనే బొమ్మ పూర్తవుతుంది.