పెరట్లో పక్షులకు కొవ్వు దిమ్మలు వేలాడదీస్తే పిచ్చుకలు వస్తాయా?

శ్రీకాకుళంలో చిన్న పెరడున్న ఇల్లు మీది. విదేశాల్లో చేసినట్టు కొవ్వూ గింజలూ కలిపిన దిమ్మలు వేలాడదీస్తే పిచ్చుకలు వస్తాయా, వాటిని ఇంట్లో ఎలా చేసుకోవాలి అని అడిగారు. రావు. ముందు చీమలు వస్తాయి, తర్వాత కాకులు, ఆ వెనక పిల్లి. నేనుండేది విజయనగరంలో, పెద్ద చెరువుకు దగ్గర్లో. మీ ఎండకూ మా ఎండకూ పెద్ద తేడా లేదు కాబట్టి ధైర్యంగానే చెబుతున్నాను.

మా బావమరిది న్యూజెర్సీ నుంచి వచ్చినప్పుడల్లా మాకు అక్కర్లేనిది ఏదో ఒకటి మోసుకొస్తాడు. ఆ ఏడు తెచ్చినవి సూయెట్ దిమ్మలు, వాటిని పెట్టడానికి ఆకుపచ్చ తీగ పంజరం. సూయెట్ అంటే పశువుల మూత్రపిండాల చుట్టూ ఉండే గట్టి కొవ్వు. దాన్ని కరిగించి, గింజలు కలిపి అచ్చు పోస్తారు. చూడటానికి అచ్చం మైసూర్ పాక్ ముక్క. మే నెలలో ఇది వద్దురా, ఫ్రిజ్‌లో పెట్టుకో అన్నాను. అమెరికాలో ఉన్నవాడు మన మాట వింటాడా? పెరటి వసారా కొక్కేనికి తగిలించి, ఫోను పట్టుకుని వీడియో కోసం ఎదురుగా కూర్చున్నాడు.

ఆ కొక్కెం కిందే మా అత్తగారు పాత పంచె పరిచి మాగాయ ముక్కలు ఎండబెట్టారు. పది దాటేసరికి దిమ్మ అంచులు నిగనిగలాడాయి. పదకొండుకు తీగల మధ్య నుంచి బొట్లు మొదలయ్యాయి. పొద్దుతిరుగుడు గింజ ఒకటి, మొక్కజొన్న పలుకు ఒకటి, కొవ్వుతో సహా జారి ముక్కల మీద పడుతున్నాయి. స్తంభం మీదుగా చీమల బారు అప్పటికే పైకి చేరింది. ఇంతలో ఒక కాకి వచ్చి పంజరాన్ని రెండు సార్లు ఊపింది. మెత్తబడిన దిమ్మ సగానికి విరిగి కింద పడగానే దాన్ని ముక్కున కరుచుకుని పక్కింటి ట్యాంకు మీదికి పోయింది. వీడియోలో పిచ్చుక లేదు, కాకి తోక మాత్రం ఉంది. "ఏమిట్రా ఇది, నెయ్యా?" అని అత్తగారు అడిగితే, "అదో రకం డాల్డా అమ్మా" అన్నాడు మా వాడు. డబ్బా మీద ఏ జంతువు కొవ్వని రాసి ఉందో ఆవిడకు ఎవరూ చదివి వినిపించలేదు. నేను మాత్రం ఆ ఏడు మాగాయ ముట్టలేదు.

తప్పు దిమ్మది కాదు, ఊరిది. అమెరికాలో శీతాకాలంలో పగలు చిన్నది, పురుగులు దొరకవు, నేల మీద మంచు. గుప్పెడంత పిట్ట రాత్రి గడవాలంటే ఒంట్లో కొవ్వు కరగాలి. అందుకే వడ్రంగిపిట్టలూ మరికొన్ని చిన్న పిట్టలూ ఆ దిమ్మలకు ఎగబడతాయి. మన జనవరి చలికి శాలువా కప్పుకునేది మనమే తప్ప పిచ్చుక కాదు. ఎండకు కొవ్వు ముక్కిపోతుంది. మెత్తబడి ఈకలకు అంటుకుంటే అవి నీటికి తడవకుండా ఉండే గుణం కూడా దెబ్బతింటుంది. కొవ్వు మానేసి బెల్లం పాకంతో గింజల అచ్చు పోద్దామనుకుంటారేమో, అది చీమలకే చెల్లు. వానాకాలంలో ఏ దిమ్మైనా లోపల నుంచి బూజు పడుతుంది, అందులో వేరుశనగ ఉంటే మరీ ప్రమాదం. గోధుమలు మేడ మీద పోయడం ఇంకో పిచ్చి. పావురాలు మరిగితే ఇక పిచ్చుకకు ఆ మేడ మీద చోటుండదు. మా వెనక వీధిలో ఒకాయన పుణ్యమని మొదలుపెట్టాడు, ఇప్పుడు ఆ పుణ్యాన్ని మేమందరం చీపురుతో ఊడుస్తున్నాం.

అసలు సంగతి చెప్పనా? పక్షులకు తక్కువైంది తిండి కాదు, చోటు. మీ జిల్లాలోనే తేలినీలాపురం ఉంది. టెక్కలి దగ్గరి ఆ పల్లెకు ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వస్తాయి, ఊళ్ళో చెట్ల మీద గూళ్ళు కట్టి పిల్లల్ని పెంచుకుని పోతాయి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో చిల్లుముక్కు కొంగలు. అక్కడెవరైనా వాటికి దిమ్మలు కట్టారా? ఊరివాళ్ళు చెట్లను ఉంచారు, పక్షులను తరమలేదు. తిండి సంగతి చెరువులూ పొలాలూ చూసుకుంటున్నాయి.

మా వీధి సంగతి చూడండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చింది. ఆ తుఫానుకు పెట్టింది కూడా కూకుడుగువ్వ పేరే, అదో ఎగతాళి. గాలికి పడినవి పడ్డాయి. మిగిలిన వేపచెట్లను, ఈసారి ఇంటి మీద పడతాయేమోనని మనుషులే కొట్టించారు. వాటి చోట రోడ్డు మధ్య కోనోకార్పస్ నాటారు, అందులో ఇంతవరకు నేనొక్క గూడు చూడలేదు. పెంకుటిళ్ళు పోయాయి, దూలాల సందులు పోయాయి. పిచ్చుక ఎక్కడ గుడ్లు పెడుతుంది, మీ స్ప్లిట్ ఏసీ మీదా? మార్చి 20న పిచ్చుకల దినమని ఒక సంఘం వాళ్ళు మా వీధిలో చెక్క గూళ్ళు పంచారు. ఫొటోలు దిగి, పడమటి గోడకు ఎండలో మేకులు కొట్టి వెళ్ళిపోయారు. వాటి రంధ్రాల్లో నా పిడికిలి పడుతుంది, గోరింకలు దర్జాగా కాపురం పెట్టాయి. పిచ్చుక గూటి రంధ్రం అంగుళంపావు ఉంటే చాలు, గూడు నీడపట్టున ఉండాలి. ఈ మాత్రం ఎవరికీ పట్టలేదు.

ఇంకోటి. పిచ్చుక గింజలు తింటుంది గానీ పిల్లలకు పెట్టేది పురుగులు. బెండ మొక్కల మీద మందు కొడుతూ పక్కనే గింజలు పోస్తే ఏం లాభం?

అయినా ఏదో ఒకటి పెట్టకపోతే మీ మనసు ఊరుకోదు కదా, నాదీ అంతే. వెడల్పాటి మట్టి మూకుడులో రెండంగుళాల నీళ్ళు పోసి, మధ్యలో ఒక రాయి వేసి, పిల్లి దూకలేని చోట పెట్టండి. రోజూ కడగాలి, పాచి పట్టిన మూకుడు రోగాల పుట్ట. నూకలు, చోళ్ళు, కొర్రలు గుప్పెడు చాలు, సాయంత్రానికి మిగిలితే ఊడ్చేయండి. కారబ్బూందీ, ఉప్పు వేసిన పల్లీలు వద్దు.

అన్నింటికన్నా మేలు వరికంకుల కుచ్చు. మన గుళ్ళలో, పాత ఇళ్ళ వసారాల్లో వేలాడేదే. కరగదు, ముక్కదు, పిచ్చుక దాన్ని పట్టుకుని ఊగుతూ ఒక్కో గింజ పొట్టు ఒలుచుకుని తింటుంది. వరికోతలప్పుడు, నూర్పుకు ముందే తెలిసిన రైతునడిగి ఒక కట్ట తెచ్చుకోండి. కాడలు కాసేపు తడిపితే అల్లేటప్పుడు విరగవు. అల్లడం రాకపోతే తాడుతో బిగించి కట్టినా పిచ్చుక వంక పెట్టదు. సన్నటి తీగతో, వాన జల్లు పడని చోట వేలాడదీయండి. ఎలా కట్టినా సగం ఉడుత తింటుంది, కాబట్టి రెండు కుచ్చులకు సరిపడా అడిగి తెచ్చుకోండి.